వేచియున్న వారందరికిని సేవ : కెర్నెలు వెలుపలి డ్రైవరుల చరిత్ర

ఇట్టి సంచికలయందు మన పూర్వుల వలసలను గూర్చియు, శాసనములను గూర్చియు, ఇంటిపేరులను గూర్చియు వ్యాసములు వ్రాయుట పరిపాటి. ప్రస్తుత వ్యాసము ఆ త్రోవను విడిచి ఒక వృత్తియొక్క చరిత్రను చెప్పబూనినది. ఆ వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములను వ్రాయుట. అందును ఒక చిన్న శాఖ. బెంగుళూరు, చెన్నై, పూనా నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములయందు ఈ వృత్తి నవలంబించిన యువతీయువకులు పెక్కుమంది కలరు. పగలెల్ల తాము చేయు పని యేమో ఇంటి పెద్దలకు తెలుపవలెనన్న మన భాషలో మాటలు చాలవని వారిలో కొందరు తలతురు. ఈ విషయమును తెలుగులో చెప్పుట సాధ్యమేయని చూపుటయు ఈ వ్యాసోద్దేశములలో నొకటి.

విషయ నిరూపణము

కంప్యూటరునకు చేర్చిన ప్రతి పరికరమును నడపుటకు ఒక ప్రోగ్రాము ఉండవలెను. కీబోర్డు, డిస్కు, ప్రింటరు, ధ్వని పరికరము, వీనిలో ప్రతిదానికిని ఒకటి. దానిని డ్రైవరు అందురు. యంత్రమునకంతకు ఏలికయై మెమరీని, కాలమును పంచిపెట్టు మూల ప్రోగ్రామును కెర్నెలు అందురు. కెర్నెలునకు యంత్రమునందు సర్వాధికారములును కలవు. తక్కిన ప్రోగ్రాములు కెర్నెలు గీచిన హద్దులలో మాత్రమే పనిచేయును. ఆ హద్దులలోని చోటునకు యూజర్ స్పేసు అని పేరు. డ్రైవరు కెర్నెలులో భాగమై యుండవచ్చును; సాధారణ ప్రోగ్రామువలె యూజర్ స్పేసులోనైనను ఉండవచ్చును.

డ్రైవరునొద్దకు సేవ కోరి వచ్చు ప్రోగ్రామును క్లయింటు అందురు. ఒక క్లయింటు కీబోర్డునుండి ఒక అక్షరమును కోరెననుకొందము. ఆ సమయమున ఎవరును మీట నొక్కలేదు. అక్షరము వచ్చువరకు ఆ క్లయింటు కదలక నిలిచియుండవలసినదే. ఇట్లు నిలిచిపోవుటను బ్లాకగుట యందురు. క్లయింటు ఒక్కటే యైనచో చిక్కు లేదు. పది క్లయింటులు ఒకే డ్రైవరునొద్దకు వచ్చి, అందు కొన్ని నిలువవలసినవియు, కొన్ని వెంటనే పని ముగించుకొని పోదగినవియు నైనప్పుడు డ్రైవరు ఏమి చేయవలెను? ఈ చరిత్రకంతకును మూలమైన ప్రశ్న యిదియే.

దీనిని లోకానుభవముతో పోల్చి చూచిన సులభముగ బోధపడును. ఒక కచేరీలో ఒక్కడే గుమాస్తా కలడనుకొనుడు. మొదట వచ్చిన రైతు తన భూమి కాగితపు నకలు కోరెను. అసలు కాగితము జిల్లా కచేరీనుండి రావలసియున్నది. గుమాస్తా ఆ రైతు ముఖమునే చూచుచు కాగితము వచ్చువరకు ఊరకుండినచో వెనుకనున్న వారందరును సాయంకాలము వరకు నిలిచియుందురు. ఒకవేళ ఆ కాగితమును చేతబట్టుకొని వచ్చిన బంట్రోతే ఆ వరుసలో కడపట నిలిచియున్నచో, ఆ కచేరీలో పని ఎన్నటికిని జరుగదు.

తెలిసిన గుమాస్తా మూడు పనులు చేయును. రైతు విన్నపమును పుస్తకములో వ్రాసికొని, అతనిని అరుగుమీద కూర్చుండబెట్టి, తరువాతి వానిని పిలుచును. కాగితము వచ్చినప్పుడు పుస్తకము చూచి ఎవరికి బాకీయున్నదో వారిని పిలిచి ఇచ్చును. విసిగి యింటికి వెడలిన వాని పేరును పుస్తకమునుండి కొట్టివేయును. విన్నపమును స్వీకరించుట, జవాబు చెల్లించుట, వెడలిన వానిని తొలగించుట అను నీ మూడును వేరువేరు కార్యములు. ఇంత సామాన్యమైన నీతిని కంప్యూటరు శాస్త్రజ్ఞులు నాలుగు దశాబ్దములలో, నాలుగు దేశములలో, మరల మరల కనుగొనవలసి వచ్చినది. ఆ వృత్తాంతమే ఈ వ్యాసము.

కోపెన్‌హేగను : 1969

డెన్మార్కు రాజధానియందు రెగ్నెసెంట్రాలెన్ అను కంప్యూటరు సంస్థ యుండెను. ఆ సంస్థ నిర్మించిన ఆర్‌సి 4000 అను యంత్రమును పోలెండు దేశములోని పులావీ పట్టణపు ఎరువుల కర్మాగారమును పర్యవేక్షించుటకు వినియోగించిరి. ఆ యంత్రముకొరకు 1969లో పెర్ బ్రించ్ హాన్సెన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక క్రొత్త వ్యవస్థను రచించిరి. దాని వివరణము 1970 ఏప్రిలులో అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘపు పత్రికయందు వెలువడినది.

హాన్సెన్ చేసిన మార్పు స్థూలముగ నిట్టిది. అప్పటి వ్యవస్థలలో ఏలిక ప్రోగ్రామే అన్ని విధానములను నిర్ణయించుచుండెను. ఆయన దానిని చిన్నదిగజేసి, ప్రోగ్రాములు ఒకదానికొకటి వార్తలు పంపుకొను సాధనమును మాత్రము దానిలో నుంచెను. ఆ సాధనమునకు నాలుగు క్రియలు. వార్తను పంపుట, వార్తకై వేచియుండుట, జవాబును పంపుట, జవాబునకై వేచియుండుట. పరికరములనుకూడ ప్రోగ్రాములవలెనే పరిగణించి వానికిని వార్తలే పంపునట్లు చేసెను. పరికరములను నడపు ఆదేశములు ఇంకను కేంద్ర భాగమునందే యుండినను, అడుగువానికి ప్రోగ్రామునకును పరికరమునకును భేదము కనబడదు. వెలుపలి డ్రైవరులకు బీజమిచ్చటనే పడినది.

ఇందు మనము గుర్తింపదగిన అంశములు రెండు కలవు. వార్త పంపుట యొక క్రియ, జవాబునకై నిలుచుట వేరొక క్రియ యగుటవలన, పంపినవాడు వెంటనే నిలిచిపోనక్కరలేదు. ఇది మొదటిది. రెండవది మరింత విలువైనది. వార్తలను వచ్చిన వరుసలోనే తీసికొని, వచ్చిన వరుసలోనే జవాబు చెప్పవలెనన్నచో, పలువురితో ఒక్కసారిగా సంభాషణ జరుపు ప్రోగ్రాము ఇరుకునబడునని ఆ రచయితలు గ్రహించిరి. అందువలన వరుసలోని వార్తలను తొలగింపకయే ఒకదాని తరువాత నొకటి పరికించి చూచుటకును, తనకు వీలైన దానిని మాత్రము వరుసనుండి బయటికి తీసికొనుటకును మరి రెండు క్రియలను చేర్చిరి. మన గుమాస్తా పుస్తకమునకు ఇది తొలి రూపము.

వార్తలు నిలువయుండు పెట్టెలకు ప్రతి ప్రోగ్రామునకును ఒక పరిమితిని విధించిరి. ఒక్కడే వేయి విన్నపములను కుమ్మరించి కచేరీని ముంచివేయకుండ ఇది కాపాడును. ఈ జాగ్రత్తను తరువాతివారు కొందరు మరచి చిక్కులబడిరి.

బెల్ ప్రయోగశాల : వేరొక మార్గము

అదే 1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థకు ప్రారంభము చేసిరి. అందు డ్రైవరులు కెర్నెలులోనే యుండెను. పరికరములన్నియు ఫైళ్ళవలె కనబడును. చదువుట, వ్రాయుట అను రెండు పిలుపులతోనే పని జరుగును.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. యూనిక్సులో డ్రైవరునకు స్వంత శరీరము లేదు. క్లయింటు చదువుమని పిలిచినప్పుడు ఆ క్లయింటే కెర్నెలులోనికి ప్రవేశించి, డ్రైవరునందలి ఆదేశములను తానే నడపును. అక్షరము లేనిచో నిద్రించునది ఆ క్లయింటే. రెండవ క్లయింటు వచ్చినప్పుడు అదియు తన స్వంత కాళ్ళపై లోనికి వచ్చి, అవసరమైనచో తానును నిద్రించును. అక్షరము వచ్చినంతనే డ్రైవరు నిద్రించుచున్న వారినెల్ల లేపును. లేచిన ప్రతివాడును తనకు కావలసినది ఉన్నదో లేదో మరల చూచుకొని, లేనిచో మరల నిద్రించును. కచేరీలో గుమాస్తాయే లేక, వచ్చినవారు తామే లోపలికి పోయి అలమరలు తెరచి వెదకికొనునట్లున్నది ఈ పద్ధతి. పలువురు వేచియుండుట యిందు సమస్యయే కాదు.

కాని దీనికి మూల్యము కలదు. లోపలికి పోయినవానికి అలమరలన్నియు తెరచియే యుండును. డ్రైవరులో ఒక్క పొరపాటు జరిగినను అది కెర్నెలు పొరపాటే యగును, యంత్రమంతయు నిలిచిపోవును. ఈ భయము ఊహాజనితము కాదు. 2001లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు లినక్సు మొదలైన కెర్నెలులను పరిశోధించి, డ్రైవరులలోని తప్పుల పాలు తక్కిన భాగములకంటె 3 మొదలు 7 రెట్లు అధికముగా నున్నదని ప్రకటించిరి. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధనలో, విండోస్ ఎక్స్‌పి వ్యవస్థ కుప్పకూలిన సందర్భములలో 85 పాళ్ళు డ్రైవరులవలననే యని పేర్కొనిరి. డ్రైవరులను వ్రాయువారు కెర్నెలు రచయితలవలె నిపుణులు కానక్కరలేదు; పరికరమును చేసిన ప్రతి కర్మాగారమువారును తమ డ్రైవరును తామే వ్రాయుదురు. కావున ఈ ఫలితమునందు ఆశ్చర్యము లేదు.

డ్రైవరును వెలుపలికి తెచ్చినచో ఈ అపాయము తగ్గును. కాని వెలుపలికి వచ్చినంతనే దానికి స్వంత శరీరము కలుగును. ఇక నిద్రించినచో నిద్రించునది డ్రైవరే. దానితోపాటు దాని క్లయింటులన్నియు నిలిచిపోవును. కెర్నెలులో ఉన్నంతకాలము ఉచితముగ లభించిన సౌకర్యమును వెలుపల కష్టపడి సంపాదించుకొనవలెను. పుస్తకము పట్టిన గుమాస్తా అవసరమైనది ఇప్పుడే.

వాటర్లూ : జవాబు బాకీ యను భావన

కెనడా దేశములోని వాటర్లూ విశ్వవిద్యాలయమున 1970 తరువాతి దశాబ్దిలో డేవిడ్ చెరిటన్ మొదలగువారు థోత్ అను వ్యవస్థను నిర్మించిరి. దాని వర్ణన 1979లో ప్రకటితమైనది. హాన్సెన్‌గారి నాలుగు క్రియలకు బదులు ఇందు ముఖ్యమైనవి మూడు. పంపుట, స్వీకరించుట, జవాబిచ్చుట. పంపినవాడు జవాబు వచ్చువరకు తప్పక నిలిచియుండును. ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులే యగు గోర్డన్ బెల్, డాన్ డాడ్జ్ అనువారు 1980లో ఒక సంస్థను స్థాపించి, ఈ త్రివిధ క్రియల మీదనే క్యూనిక్స్ అను వ్యవస్థను కట్టిరి. కార్లలోను, వైద్య పరికరములలోను, కర్మాగారములలోను ఆ వ్యవస్థ విస్తారముగ వ్యాపించినది. 2010లో బ్లాక్‌బెర్రీ టెలిఫోనులను చేసిన సంస్థ దానిని కొనెను.

క్యూనిక్స్‌లో డ్రైవరు సాధారణ ప్రోగ్రాము. దాని క్లయింటు రెండు విధములుగ నిలిచియుండవచ్చును. తన విన్నపమును డ్రైవరింకను స్వీకరింపనిచో అది యొక స్థితి. స్వీకరించియు జవాబీయనిచో అది వేరొక స్థితి. ఈ రెండు స్థితులకును వేరువేరు పేరులు పెట్టుటయే ఆ నిర్మాతల దూరదృష్టికి నిదర్శనము. వాకిట నిలిచినవాడు వేరు, అరుగుమీద కూర్చున్నవాడు వేరు.

విన్నపమును స్వీకరించినప్పుడు డ్రైవరునకు కెర్నెలు ఒక సంఖ్యనిచ్చును. అక్షరమింకను రానిచో డ్రైవరు ఆ సంఖ్యను తన పట్టికలో దాచుకొని, జవాబీయకయే మరల స్వీకరించుటకు పోవును. ఎప్పుడో అక్షరము వచ్చినప్పుడు పట్టికలోని సంఖ్యను వెదకి జవాబిచ్చును. ఆ నిమిషముననే ఆ క్లయింటు మేల్కొనును. ఇట్లు ఒకే శరీరముగల డ్రైవరు నూరు క్లయింటులను నిలిపియుంచియు తాను నిలువక పనిచేయును.

మూడవ కర్తవ్యమును ఈ వ్యవస్థయందే స్పష్టముగ చూడగలము. వేచియున్న క్లయింటునకు వ్యవధి మించవచ్చును. లేదా యజమాని దానిని ఆపివేయవచ్చును. కెర్నెలు ఆ క్లయింటును చెప్పాపెట్టకుండ తీసికొనిపోయినచో డ్రైవరు పట్టికలో చెల్లని బాకీ మిగులును. అందుకు ప్రతిక్రియగా, డ్రైవరు ముందుగ కోరియుండినచో, కెర్నెలు దానికి విడుదల సూచన నొకదానిని పంపును. డ్రైవరు పట్టికనుండి ఆ పేరును తొలగించి, పని రద్దయినదను జవాబునిచ్చిన తరువాతనే క్లయింటు కదలును. సూచనను లెక్కచేయని డ్రైవరు దాపురించినచో క్లయింటు ఎన్నటికిని విడుదల కాదు. ఇందు మరొక చిక్కు కలదు. జవాబు బయలుదేరిన క్షణముననే విడుదల సూచనయు బయలుదేరవచ్చును. సూచన చేరునప్పటికి ఆ సంఖ్య పట్టికలో నుండదు. అట్టి సూచనను దోషముగ నెంచక, నిమ్మళముగ విడిచిపెట్టుట డ్రైవరు రచయిత నేర్వవలసిన పాఠము.

ఆంస్టర్‌డామ్ : ఆపుట, మేల్కొల్పుట

హాలెండు దేశపు ఆంస్టర్‌డామ్ నగరమున స్వేచ్ఛా విశ్వవిద్యాలయమునందు ఆచార్యులైన ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో విద్యార్థుల కొరకు మినిక్స్ అను చిన్న వ్యవస్థను ప్రచురించిరి. అందు ఫైళ్ళను చూచు సర్వరు వేరు, కీబోర్డు మొదలగు వానిని నడపు డ్రైవరు వేరు. క్లయింటు ఫైళ్ళ సర్వరును అడుగును. ఆ సర్వరు డ్రైవరును అడుగును. ఇవి వార్తలను చేతినుండి చేతికి అందించుకొనవలసినదే. నడుమ నిలువయుంచు పెట్టెలు లేవు.

ఫైళ్ళ సర్వరు ఒక్కటే. దానికి క్లయింటులు పలువురు. కీబోర్డు డ్రైవరు అక్షరము వచ్చువరకు జవాబును ఆపినచో ఫైళ్ళ సర్వరు నిలిచిపోవును; దానితో యంత్రములోని ప్రతి ప్రోగ్రామును నిలిచిపోవును. అందువలన డ్రైవరు వెంటనే ఒక జవాబును ఇయ్యవలెనని నియమించిరి. అక్షరమున్నచో అక్షరము, లేనిచో ఆ క్లయింటును ఆపియుంచుమను మాట. సర్వరు ఆ క్లయింటు పేరును వ్రాసికొని తక్కిన పనులకు పోవును. తరువాత అక్షరము వచ్చినప్పుడు డ్రైవరే వచ్చి, ఫలాని క్లయింటును మేల్కొల్పుమని చెప్పును. నడుమ ఎవరైన ఆ ప్రోగ్రామును త్రుంచినచో సర్వరు డ్రైవరునకు రద్దు వార్తను పంపును. మూడు కర్తవ్యములును ఇచ్చటను కలవు. పేరులు మాత్రము మారినవి.

2005లో వెలువడిన మినిక్స్ 3లో డ్రైవరులను నిజముగ యూజర్ స్పేసులోనికి తెచ్చిరి. అప్పుడు మేల్కొల్పు విధానమును సవరింపవలసి వచ్చినది. డ్రైవరు సర్వరునకు వార్తను అందించుటకు చేయి చాచిన క్షణముననే సర్వరును డ్రైవరునకు చేయి చాచినచో ఇద్దరును ఒకరికై ఒకరు శాశ్వతముగ నిలిచిపోవుదురు. అందువలన డ్రైవరు ఇక వార్తను అందింపక, నిలువనక్కరలేని చిన్న గంటను మాత్రము మ్రోగించును. గంట విన్న సర్వరు తన తీరిక చూచుకొని, ఏమి సంగతియని డ్రైవరును అడుగును. అప్పుడు డ్రైవరు జవాబు రూపమున చెప్పును. అడుగువాడు ఎల్లప్పుడును ఒక్కడే, చెప్పువాడు ఎల్లప్పుడును ఒక్కడే యగుటచే ముడి విడిపోయినది.

ఈ వ్యవస్థలో మరియొక విశేషము కలదు. డ్రైవరు మరణించినచో దానిని గుర్తించి మరల పుట్టించుటకు ఒక ప్రత్యేక సర్వరు నుంచిరి. మరణించిన డ్రైవరునకై వేచియున్న వారికి కెర్నెలు దోషసంకేతము నిచ్చి లేపును. డ్రైవరు కెర్నెలులో నున్నచో దాని మరణము కచేరీకంతకును నిప్పంటుకొనుటయే. వెలుపలనున్నచో గుమాస్తా మారును, కచేరీ నిలుచును.

వేగమును గూర్చిన ఆక్షేపణ

వార్తలు పంపుకొనుట ఆలస్యమునకు హేతువని పలువురు ఆక్షేపించిరి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1985లో ప్రారంభమైన మాఖ్ అను వ్యవస్థ ఆ యాక్షేపణకు ముఖ్య కారణము. 1992 జనవరిలో టానెన్‌బామ్‌కును, లినక్సు కర్తయగు లీనస్ టోర్వాల్డ్స్‌కును నడచిన వాదము సుప్రసిద్ధము. లినక్సులో డ్రైవరులు కెర్నెలులోనే యుండెను.

1993లో జర్మనీ దేశస్థుడగు యోఖెన్ లీడ్‌ట్కె దీనికి లెక్కలతో సమాధానము చెప్పెను. ఒకే యంత్రముపై మాఖ్‌లో సుమారు 115 మైక్రోసెకనులు పట్టిన చిన్న వార్త, తన వ్యవస్థలో 5 మైక్రోసెకనులలో చేరుచున్నదని చూపెను. ఆలస్యము పద్ధతి దోషము కాదనియు, కట్టిన తీరు దోషమనియు దీనివలన తేలినది. అయినను వార్తకు కొంత కాలము పట్టుట తప్పదు. కావున క్షణమునకు లక్షలాది విన్నపములు వచ్చు పరికరములకును, నెమ్మదిగ నడచు పరికరములకును ఒకే తీర్పు చెప్పరాదు.

లినక్సు : 2005 మొదలు 2009 వరకు

కెర్నెలులోనే డ్రైవరులుండవలెనన్న లినక్సు సైతము కాలక్రమమున తలుపు తెరచినది. 2005 అక్టోబరులో వచ్చిన 2.6.14వ కూర్పున ఫ్యూజ్ అను భాగము చేరెను. మిక్లోష్ సెరెడి రచించిన ఈ భాగమువలన ఫైళ్ళ వ్యవస్థను యూజర్ స్పేసులో వ్రాయవచ్చును. 2007 అక్టోబరులోని 2.6.23వ కూర్పున యుఐఓ అను భాగము వచ్చినది. పరికరము పిలుచువరకు వేచియుండుటకు ఇది సాధారణ ప్రోగ్రామునకు వీలు కల్పించును. 2009 సెప్టెంబరులోని 2.6.31వ కూర్పున తేజున్ హియో రచించిన క్యూజ్ చేరెను. దీనివలన యూజర్ స్పేసులోని ప్రోగ్రామే ఒక పరికరముగ తక్కిన వారికి కనబడును. పాతకాలపు ధ్వని పరికరమునకై వ్రాసిన ప్రోగ్రాములను క్రొత్త ధ్వని వ్యవస్థతో కలిపి నడపుట దీని తొలి ప్రయోజనము.

క్యూజ్‌తో డ్రైవరు వ్రాయువానికి మన పాత ప్రశ్న తప్పక ఎదురగును. క్లయింటు చదువుమని పిలిచినప్పుడు కెర్నెలు ఆ క్లయింటును నిలిపి, విన్నపమునకు ఒక సంఖ్య వేసి, డ్రైవరునకు పంపును. డ్రైవరు అదే సంఖ్యతో జవాబు వ్రాసినప్పుడు క్లయింటు లేచును. క్రొత్తగ వ్రాయువాడు సాధారణముగ చేయు పొరపాటేమన, చదువు విన్నపమును అందుకొన్న చోటనే పరికరముకొరకు నిలుచుట. ఒక్క శరీరముతో నడచు డ్రైవరు అట్లు నిలిచినచో తక్కిన విన్నపములు చూచువాడు లేడు.

దీనికి మందుగ కొందరు డ్రైవరునకు అనేక శరీరముల నిత్తురు. వీనిని థ్రెడ్లు అందురు. విన్నపమునకొక థ్రెడ్డు నిలిచియుండును. ఇది కొంతదూరము సాగును. కాని పది థ్రెడ్లు కలవనియు, పది క్లయింటులు చదువుటకు వచ్చి పదింటిని నిలిపివేసినవనియు అనుకొందము. వారికి కావలసిన అంశమును వ్రాయుటకు పదునొకండవ క్లయింటు వచ్చినది. దాని విన్నపమును అందుకొనుటకు థ్రెడ్డు మిగులలేదు. పదిమందియు ఎవనికొరకు వేచియున్నారో వాడే వాకిట నిలిచియున్నాడు. థ్రెడ్ల సంఖ్యను ఇరువదికి పెంచినను ఇరువదియొకండవ వానియొద్ద ఇదే కథ. ఆరంభమున చెప్పిన బంట్రోతు వృత్తాంతమిదియే.

సరియైన మందు వేరు. విన్నపము నందుకొన్నప్పుడు అంశము సిద్ధముగ నున్నచో జవాబీయవలెను. లేనిచో, నిలువనొల్లను అని క్లయింటు ముందే చెప్పియుండిన యెడల, తరువాత రమ్మని వెంటనే చెప్పవలెను. నిలుచుటకు సమ్మతించిన క్లయింటైనచో దాని సంఖ్యను పట్టికలో వ్రాసి, జవాబీయకయే మరలిపోవలెను. అంశము వచ్చినప్పుడు పట్టికను చూడవలెను. ఇచ్చట రచయిత వివేకమునకు పని కలదు. కీబోర్డులోని ఒక అక్షరము ఒక్కనికే చెందును. ముందు వచ్చినవానికే ఇయ్యవలెను. ఉష్ణమాపకపు క్రొత్త అంకె వేచియున్న వారందరికిని చెందును. పట్టికలోని ప్రతివానికి ఇయ్యవలెను.

ఒకేసారి పెక్కు పరికరములవైపు చూచుచుండు క్లయింటులును కలవు. అట్టి సౌకర్యము యూనిక్సు కుటుంబమునకు 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖ వెలువరించిన 4.2 కూర్పున లభించినది. అట్టివారికై క్యూజ్‌లో కెర్నెలు ఒక గురుతును డ్రైవరునకు ఇచ్చి పోవును. అంశము వచ్చినప్పుడు డ్రైవరు ఆ గురుతుతో కబురు పంపవలెను. పంపుట మరచినచో క్లయింటు ఎదురుచూచుచునే యుండును.

విడిచిపోవు క్లయింటు సమస్య ఇచ్చటను కలదు. త్రుంచబడిన విన్నపపు సంఖ్యను తెలుపుచు కెర్నెలు ఒక రద్దు వార్తను పంపును. డ్రైవరులో పెక్కు థ్రెడ్లున్నచో అసలు విన్నపము పట్టికకెక్కకముందే రద్దు వార్త చేరవచ్చును. అట్టిచో ఆ రద్దును మరల పంపుమని కెర్నెలును కోరవచ్చును. క్యూనిక్స్‌లో చూచిన చిక్కునకు ఇది జోడు. అందు వార్త మించి వచ్చెను, ఇందు ముందు వచ్చెను. ఇక డ్రైవరే కూలినచో కెర్నెలు ఆ సంబంధమును తెంచి, నిలిచియున్న వారందరికిని దోషసంకేతము నిచ్చి విడుదల చేయును. యంత్రము మాత్రము నడచుచునే యుండును.

ఉపసంహారము

కోపెన్‌హేగనులోని పరికించు క్రియలును, వాటర్లూలోని సంఖ్యయు, ఆంస్టర్‌డామ్‌లోని ఆపు మాటయు, లినక్సులోని పట్టికయు ఒకే తత్త్వమునకు నాలుగు రూపములు. డ్రైవరు లోపల నుండవలెనా, వెలుపల నుండవలెనా యను వివాదమే చరిత్రలో పెద్దగ వినబడినది. కాని వెలుపల నిలిచి మన్నిన ప్రతి వ్యవస్థయు, విన్నపమును స్వీకరించుటను జవాబునుండి విడదీసినందువలననే మన్నినది. స్వీకరించుట యనగా జవాబును బాకీపడుట. బాకీ తీరువరకు గుర్తుంచుకొనుట, తీర్చవలసిన అవసరము తొలగినప్పుడు పట్టికనుండి తీసివేయుట, ఈ రెండును లేని స్వీకారము మోసముతో సమానము.

ఇది కేవలము పండితచర్చ కాదు. ఇట్టి వ్యవస్థలు ఆసుపత్రి పరికరములలోను, మనమెక్కు వాహనములలోను పనిచేయుచున్నవి. ఒక రోగి మంచము ప్రక్కనున్న యంత్రములో తెరయు, గంటయు, దూరమునున్న దాది గదియు ఒకే నాడీమాపకమును అడుగుచుండవచ్చును. తెర నిలిచిపోయినందున గంట మ్రోగకపోవుట ఎంతటి అనర్థమో వేరుగ చెప్పనక్కరలేదు. ఒకరు వేచియున్నంత మాత్రమున అందరును వేచియుండరాదను నియమమును పాటించిన డ్రైవరు రచయిత యెవరో మనకు తెలియదు. అతని పని చక్కగ నున్నంతకాలము తెలియవలసిన అవసరమును కలుగదు.

మన యువకులలో ఎవరైన నేడు ఇట్టి డ్రైవరును వ్రాయుచున్నచో, తాము పట్టిన పుస్తకము 1969లో తెరచిన పుస్తకమేయని వారు తెలిసికొందురు గాక. వారి పెద్దలు, పిల్లవాడు ఏమి చేయుచున్నాడని ఎవరైన అడిగినప్పుడు, పలువురు వేచియున్న వాకిట నమ్మకమైన గుమాస్తాను నియమించుచున్నాడని చెప్పవచ్చును. ఆ మాటలో అతిశయోక్తి లేదు.